నెత్తళ్ళ ఊరు కొల్యూర్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో దక్షిణ ఫ్రాన్స్ రైలు ప్రయాణాల గురించి రాస్తూ, స్పెయిన్ సరిహద్దుకు చేరువలో మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న కొల్యూర్ అనే పాత మత్స్యకారుల ఊరిని ఒక్క వాక్యంలో ప్రస్తావించాను. ఆ వాక్యాన్ని పట్టుకుని చాలామంది పాఠకులు ఉత్తరాలు రాశారు. ఒకే రకం ప్రశ్నలను కలిపి, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఊరికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు): మా అమ్మాయి, అల్లుడు టులూజ్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. వచ్చే ఏడాది నేనూ మావారూ వాళ్ళ దగ్గరికి వెళ్తున్నాం. మీరు రాసిన కొల్యూర్ చూడాలని ఉంది. పొద్దున్నే బయలుదేరి వెళ్ళి రాత్రికి తిరిగి వచ్చేయవచ్చునని అల్లుడు అంటున్నాడు. ఏ నెలలో వెళ్తే బాగుంటుంది? మావారికి మోకాళ్ళ నొప్పి ఉంది.

జవాబు: అమ్మా, ఒక్క రోజులో వెళ్ళి రావచ్చును గానీ అలా వెళ్ళవద్దనే నా మనవి. టులూజ్ నుంచి నార్బోన్ మీదుగా పెర్పినియాన్ చేరి, అక్కడ తీరం వెంట పోయే ప్రాంతీయ రైలు ఎక్కితే అరగంట లోపే కొల్యూర్‌లో దిగుతారు. స్టేషను నుంచి సముద్రం దాకా దారి పల్లంగానే ఉంటుంది, పది నిమిషాల్లో నడిచిపోవచ్చును. కారులో వెళ్ళాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. ఊరు చిన్నది, వీధులు ఇరుకువి, సెలవు రోజుల్లో బండి నిలపడానికి చోటు వెతకడంతోనే పూట గడిచిపోతుంది.

రాత్రి అక్కడ ఉండమని చెప్పడానికి కారణం ఉంది. మూడు వేల లోపు జనాభా ఉన్న ఆ ఊళ్ళోకి ఎండ ఎక్కే వేళకు వచ్చే సందర్శకులే ఊరివాళ్ళ కంటే ఎక్కువగా కనిపిస్తారు, సాయంత్రం రైళ్ళకు, బస్సులకు వాళ్ళంతా వెళ్ళిపోయాక గాని ఆ ఊరు తన మాట తాను మాట్లాడుకోదు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు మధ్యాహ్నం దిగి సాయంత్రం రైలుకు వచ్చేశాను. నాకు గుర్తున్నదల్లా ఐస్‌క్రీం దుకాణాల ముందు వరసలు. రెండోసారి రెండు రాత్రులు ఉన్నాను. తెల్లవారుజామున చర్చి గోడ కింది రాళ్ళ మీద అల విరిగిన చప్పుడు, ఎవరో ఒక పెద్దాయన ఇంటి ముందు మెట్లు కడుగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించని ఆ వేళ కోసం మీరు అంత దూరం వెళ్ళినా నష్టం లేదు.

మే రెండో సగం, జూన్ మొదటి వారాలు, సెప్టెంబరు, అక్టోబరు మొదటి సగం మంచి రోజులు. సముద్రంలో దిగి స్నానం చేయాలనుకుంటే సెప్టెంబరే మేలు, నీళ్ళు అప్పటికి బాగా వెచ్చబడి ఉంటాయి, కొండల మీద ద్రాక్ష కోతలు కూడా కనిపిస్తాయి. జూలై, ఆగస్టు నెలలు వదిలేయండి. ముఖ్యంగా ఆగస్టు నడుమ సెయింట్ విన్సెంట్ ఉత్సవాలు జరుగుతాయి, 16వ తేదీ రాత్రి బాణసంచా చూడడానికి చుట్టుపక్కల నుంచి జనం విరగబడి వస్తారు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు ఆ తొక్కిడిలో నిలబడలేరు. ఏ నెలలో వెళ్ళినా శాలువా ఒకటి చేతి సంచీలో ఉంచుకోండి. వాయవ్యం నుంచి త్రామొంతాన్ అనే పొడి గాలి వీస్తుంది, అది లేచిన రోజు ఎండ కాస్తున్నా ఒళ్ళు వణుకుతుంది.

రేవు పక్కనున్న రాజుల కోట అడుగున నీటి అంచు వెంట చర్చి దాకా వెళ్ళే బాట దాదాపు చదునుగా ఉంటుంది కనుక మీవారు ఇబ్బంది లేకుండా నడవగలరు. మూరే అనే పాత మత్స్యకారుల పేట మాత్రం గుట్ట మీద మెట్లు మెట్లుగా ఉంది. కింద నుంచి రెండు సందులు చూసి ఆగిపోయినా ఆ పేట ఎలాంటిదో తెలుస్తుంది. తీరంలో ఉన్నది ఇసుక కాదు, ఎక్కువగా గులకరాళ్ళు, కాబట్టి మందపాటి అడుగున్న చెప్పులు తీసుకువెళ్ళండి. కొండ మీది సెయింట్ ఎల్మ్ కోటకు పర్యాటకుల చిన్న బండి వెళ్తుంది, ఎక్కి నడవనక్కరలేదు. అయిదవ ఛార్లెస్ చక్రవర్తి 1538, 1552 మధ్య నక్షత్రం ఆకారంలో కట్టించిన ఆ కోట మీద నుంచి చూస్తే ఊరు, రేవు, ద్రాక్షతోటలు, సముద్రం అన్నీ ఒకేసారి కళ్ళబడతాయి.

ప్రశ్న (బాపట్ల జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయుడు): మాది వేట మీద బతికిన కుటుంబం. మత్స్యకారుల గ్రామం అని పేరుపడిన పర్యాటక స్థలాల్లో హోటళ్ళే గాని వలలు కనిపించవు. కొల్యూర్‌లో ఇంకా వేట జరుగుతోందా? మావంటి వారు వెళ్తే చూడదగినది ఏమైనా మిగిలి ఉందా?

జవాబు: మీ అనుమానం సరైనదే, అందుకే ఉన్నది ఉన్నట్టు చెప్తాను. కొల్యూర్ రేవు నుంచి వేటకు పోయేవి ఇప్పుడు ఒకటీ అరా చిన్న పడవలు, అంతే. పెద్ద మరపడవలు వచ్చాక వాటిని గులకరాళ్ళ ఒడ్డు మీదికి లాగడం కుదరదు, లోతైన రేవు కావాలి; అలాంటి రేవు మూడు కిలోమీటర్ల దూరంలో పోర్ వాంద్ర్‌లో ఉంది కాబట్టి వేట అక్కడికి తరలిపోయింది. ఒకప్పుడు పడవలు లాగి, వలలు ఆరబెట్టి, ఆడవాళ్ళు వరసగా కూర్చుని చిరుగులు కుట్టిన బోరమార్ తీరంలోనే ఇప్పుడు హోటళ్ళ కుర్చీలు ఉన్నాయి. కోట ఎదుట ఎరుపు, పసుపు, నీలం రంగులతో, వాలుగా కట్టిన ఏటవాలు తెరచాప కొయ్యలతో కనిపించే కాతలాన్ (సరిహద్దుకు ఇరువైపులా ఉన్న కాతలోనియా ప్రాంతపు) పడవలు పాత పడవలను కాపాడుకుంటున్నవారి శ్రమ వల్ల నిలిచినవి. వాటి మీద ఇప్పుడు ఎవరి పొట్టా గడవదు.

అయినా మీరు వెళ్ళాలి. ఎందుకంటే ఆ ఊళ్ళో సముద్రం పడవను వదిలిపెట్టి ఉప్పు పీపాలో మిగిలింది. కొల్యూర్ పేరు చెప్పగానే ఫ్రాన్స్‌లో వంట తెలిసినవారు తలచుకునేది ఆంషువా అనే చిన్న చేపను. మన తీరంలో నెత్తళ్ళు అని, కొన్ని చోట్ల మెత్తళ్ళు అని పిలిచే చేపకు అది దగ్గరి చుట్టం, కాస్త పెద్దది. మనం ఇసుక మీద పరిచి ఎండబెడతాం, వాళ్ళు ఉప్పులో ఊరబెడతారు. 1870లో మొదలైన రోక్ వారి దుకాణం, 1903లో మొదలైన దెక్లో వారి దుకాణం, ఈ రెండే ఇప్పుడు ఆ పని చేస్తున్నాయి. ఐరోపా సమాఖ్య 2004లో కొల్యూర్ ఆంషువాకు భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. మన బందరు కలంకారీకి ఉన్నటువంటి గుర్తింపే అది.

నేను వెళ్ళినప్పుడు ఒక దుకాణం పై అంతస్తులో సందర్శకుల కోసం పని చేసి చూపిస్తున్న ఒక పెద్దావిడ ఎదుట చాలాసేపు నిలబడ్డాను. పచ్చి చేపను ఎడమ చేతిలో పట్టుకుని, కుడి చేతి బొటనవేలితో తల దగ్గర నొక్కి ఒక్కసారి తిప్పి లాగితే తలతో పాటే పేగు మొత్తం ఊడి వచ్చేస్తుంది. మా అమ్మమ్మ అరుగు మీద పీట వేసుకుని నెత్తళ్ళు గిల్లేటప్పుడు చేసేది సరిగ్గా ఇదే, కత్తి లేదు, కత్తిపీట లేదు, బొటనవేలే పనిముట్టు. తల తీసిన చేపలను పీపాలో ఒక వరస చేప, ఒక వరస రాతి ఉప్పు చొప్పున చక్రంలా పేర్చి, పైన బరువు పెట్టి, మూడు నెలలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ కాలం చల్లని గదిలో కదపకుండా ఉంచుతారు. వెండిలా మెరిసే చేప ఆ ఉప్పునీటిలోనే ముదురు ఎరుపుకు, గోధుమ రంగుకు తిరుగుతుంది. తరువాత నీటిలో కడిగి, వేలి కొనతో వెన్ను వెంబడి రెండు పాయలుగా విడదీసి, నడిముల్లు తీసి, ఆ పాయలను గుడ్డ మీద ఒత్తి ఆరబెడతారు. ఆవిడ చేతులు ఉప్పుకు మడిమల్లా పగిలి ఉన్నాయి. ఈ పని తరతరాలుగా ఆడవాళ్ళదే. మగవాళ్ళు చీకటి రాత్రుల్లో దీపాల వెలుగుతో చేపను పైకి రప్పించి వలవేసి తెస్తే, దాన్ని ఏడాది పొడవునా అమ్ముకోగల సరుకుగా మార్చింది ఈ చేతులే. వేటను మెచ్చుకున్నంతగా ఈ పనిని ఎవరూ మెచ్చుకోలేదు.

ఉప్పు గురించి ఒక మాట చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. కొల్యూర్ ఉన్న రూసియోన్ ప్రాంతం 1659లో పిరనీస్ ఒప్పందం వల్ల స్పెయిన్ నుంచి ఫ్రాన్స్ చేతికి వచ్చింది. అప్పటిదాకా అక్కడ ఫ్రాన్స్ రాజుల ఉప్పు పన్ను లేదు. 1661లో పద్నాలుగవ లూయీ ప్రభుత్వం ఆ పన్ను విధించేసరికి వెనుక ఉన్న కొండ లోయల్లో జనం తిరగబడ్డారు, ఆంజెలెత్ తిరుగుబాటు అనే పేరుతో అది ఏళ్ళ తరబడి సాగింది. ఉప్పు మీద పన్ను పడితే చేప పట్టేవాడి ఇంట్లో ఏమవుతుందో 1930ని ఎరిగిన మన తీరానికి వేరే చెప్పాలా?

ఇప్పుడు పీపాల్లోకి వచ్చే చేపలో ఎక్కువ భాగం ఆ తీరంలో పట్టినది కాదని కూడా మీకు తెలియాలి. దగ్గరలో చేప తగ్గిపోయింది, దొరికినది చిన్నదిగా ఉంటోంది, అందువల్ల అట్లాంటిక్ వైపు నుంచి తెప్పించుకుంటారు. ఊరి పేరు ఇప్పుడు చేతి పనిని బట్టి నిలిచింది. ఇది దాచుకోవలసిన విషయమని నేను అనుకోను. అడిగితే దుకాణంలో వాళ్ళే సూటిగా చెప్తారు.

పడవల మీద మీకు మమకారం ఉంటే పోలీయ్ దాకా తప్పక వెళ్ళండి, అది పోర్ వాంద్ర్‌కూ బన్యూల్స్‌కూ మధ్య సముద్రపు ఒడ్డున ఉంది, బస్సు కూడా ఆగుతుంది. ప్రష్యా అనే జర్మన్ రాజ్యంతో యుద్ధం జరుగుతున్న 1870లో శత్రువుకు అందనంత దూరంగా ఉంటుందని అక్కడ నోబెల్ డైనమైట్ కర్మాగారం పెట్టారు, 1984లో అది మూతపడింది, 2008 నుంచి ఆ స్థలం ప్రజలందరికీ తెరిచి ఉంది. అక్కడి పడవల కర్మశాలలో శిథిలమైన పాత కాతలాన్ పడవలను పలక పలకగా విప్పి, కుళ్ళిన చెక్క తీసి, కొత్త చెక్కను వంచి అమర్చి బాగు చేస్తారు. వెన్నుకొయ్య మీద పక్కటెముకల్లా నిలబెట్టిన దుంగలు, పలకల సందుల్లో కూరే నార, పక్కనే వరసగా పెట్టిన బాడిసెలు, ఉలులు చూస్తే మీకు ఎవరూ ఏమీ వివరించనక్కరలేదు. నిజాంపట్నం రేవు పక్కన పడవ కట్టే చోటు చూసినవారికి ఆ వాసన కూడా పరిచయమే.

తిరిగి వస్తూ కొండల వైపు చూడండి. ఆ ద్రాక్షతోటలను కూడా మత్స్యకారుల కుటుంబాలే సాగు చేశాయి. వేట లేని రోజుల్లో మనిషి కొండ మీద ఉండేవాడు. పలకరాయిని సున్నం లేకుండా పేర్చి కట్టిన అడ్డుగోడలు, వాటి మధ్య వాన నీటిని పంచి కిందికి దింపే రాతి కాలువలు మైళ్ళ పొడవున ఉన్నాయి. పక్క కాలువలు వచ్చి నడిమి కాలువలో కలిసే తీరు కోడి పాదంలా ఉంటుందని ఆ కట్టడాన్ని కోడికాలు అనే పిలుస్తారు. యంత్రం ఎక్కలేని ఆ వాలు మీద ఇప్పటికీ చేతులతోనే కోస్తారు.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి ఒక చిత్రకళా విద్యార్థిని): ఆధునిక చిత్రకళలో ఫోవిజం కొల్యూర్‌లోనే పుట్టిందని మా పాఠంలో ఉంది. అక్కడికి వెళ్తే మతీస్, దెరాన్ వేసిన అసలు చిత్రాలు చూడవచ్చునా?

జవాబు: అసలు చిత్రాలు అక్కడ లేవమ్మా, ఆ ఆశతో మాత్రం వెళ్ళకండి. 1905 మే నెలలో ఆన్రీ మతీస్ కొల్యూర్‌కు వచ్చాడు. అప్పటికి ముప్పై అయిదేళ్ళవాడు. జూలైలో అతని పిలుపు మీద ఆంద్రే దెరాన్ వచ్చి చేరాడు. ఆ ఒక్క వేసవిలో వాళ్ళిద్దరూ నీడకు నలుపు వాడడం మానేశారు, ఇసుకను ఎర్రగా, కొయ్యలను గులాబీగా, నీళ్ళను పచ్చగా వేశారు. ఆ శరత్కాలంలో పారిస్ ప్రదర్శనలో వాటిని చూసిన లూయీ వొక్సెల్ అనే విమర్శకుడు ఆ గదిలోని చిత్రకారులను ఫోవ్‌లు, అంటే క్రూరమృగాలు అన్నాడు. ఆ తిట్టే ఉద్యమానికి పేరుగా నిలిచింది. ఆ వేసవిలో మతీస్ వేసిన తెరిచిన కిటికీ చిత్రం వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది, దెరాన్ వేసిన తెరచాపలు ఆరబెట్టే చిత్రం మాస్కోలోని పుష్కిన్ మ్యూజియంలో ఉంది.

కొల్యూర్‌లో ఉన్నది, ఆ చిత్రాలు వేసిన చోటనే నిలబెట్టిన వాటి నకళ్ళు. ఊరంతటా సుమారు ఇరవై ఉన్నాయి. కొన్నిచోట్ల ఖాళీ ఇనుప చట్రాలు కూడా పెట్టారు, అందులోంచి చూస్తే చర్చి గోపురం చిత్రంలో ఉన్న చోటనే కనిపిస్తుంది. ఈ ఏర్పాటును చాలామంది ఫొటో దిగడానికి వాడుకుంటారు. మీరు విద్యార్థిని కాబట్టి నా సలహా వేరు: పొద్దున్నే ఒక్క నకలు ముందు నిలబడి, చిత్రంలోని ఒక్కొక్క రంగు ఎదుటి దృశ్యంలో ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి. గోడ ఎరుపు కాదు, కానీ దాని మీద పడిన వెలుగు ఎరుపు వైపు మొగ్గుతుంది. నీడ ఊదా కాదు, కానీ నల్లగా మాత్రం లేదు. అరగంట చూస్తే ఆ ఇద్దరూ కళ్ళకు కనిపించిన దాన్ని ఒక మెట్టు పైకి తీసుకువెళ్ళారని మీకే తెలుస్తుంది.

ఇంకొకటి కూడా గమనించండి. దెరాన్ చిత్రాల్లో ఒడ్డు ఎప్పుడూ ఖాళీగా ఉండదు, పడవలు లాగేవాళ్ళు, తెరచాప విప్పేవాళ్ళు, తట్టలు మోసేవాళ్ళు నాలుగు గీతలుగానైనా ఉంటారు. బాపట్ల ఉపాధ్యాయుడు అడిగిన వేట ఇప్పుడు ఎక్కువగా ఆ బట్ట మీదనే ఉంది.

చర్చి లోపలికి కూడా వెళ్ళండి. పాత చర్చి కోటకు అడ్డంగా ఉందని వోబాన్ అనే సైనిక ఇంజనీరు ప్రణాళికల కింద పై ఊరితో పాటు దాన్ని పడగొట్టారు, 1684, 1691 మధ్య నీటి అంచున ఇప్పటిది కట్టారు. రేవుకు దీపస్తంభంగా నిలిచిన పాత బురుజునే గంట గోపురం చేసుకున్నారు, దాని మీది గులాబీ రంగు గుమ్మటం పందొమ్మిదవ శతాబ్దంలో వచ్చింది. బయట అంత వెలుగు చూసి లోపలికి అడుగు పెడితే మొదట ఏమీ కనిపించదు, నెమ్మదిగా చీకట్లోంచి జోసెఫ్ సున్యేర్ అనే కాతలాన్ శిల్పి చెక్కి బంగారు పూత పెట్టిన కొయ్య పీఠం పైకప్పు దాకా లేచి కనిపిస్తుంది.

ప్రశ్న (తెనాలి నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి): మేము శాకాహారులం. చేపల ఊళ్ళో మాకు తిండి దొరుకుతుందా?

జవాబు: దొరుకుతుందండీ, అయితే ఒక జాగ్రత్త. అక్కడి వంటలో ఆంషువా కంటికి కనిపించకుండా ఉంటుంది. ఆలివ్ కాయలతో నూరి రొట్టె మీద రాసే తాపెనాద్ అనే పచ్చడి చూడడానికి పూర్తి శాకాహారంలా ఉంటుంది గానీ అందులో సాధారణంగా ఆంషువా కలుస్తుంది. సలాడు మీద పోసే రసాల్లో కూడా ఉండవచ్చును. మాంసం తినము అని చెప్తే చేప తింటారని అనుకుంటారు, కాబట్టి చేప కూడా వద్దని విడిగా చెప్పండి.

కాల్చిన వంకాయ, ఎర్ర మిరపకాయల వంటి తీపి కాప్సికం, ఉల్లి కలిపి ఆలివ్ నూనె పోసే ఎస్కలివాద మీకు నచ్చుతుంది; నిప్పుల మీద కాల్చిన వంకాయ రుచి తెలిసినవారికి అది కొత్తగా అనిపించదు. దాని మీద ఆంషువా పేర్చడం అక్కడ అలవాటు, లేకుండా ఇమ్మని ముందే అడగాలి. టమాటా రుద్దిన రొట్టె ఎక్కడైనా దొరుకుతుంది. బుధవారం, ఆదివారం పొద్దున్న చెట్ల నీడన సంత జరుగుతుంది, పళ్ళు, చీజ్, ఆలివ్‌లు, రొట్టె కొనుక్కుంటే ఆ పూటకు హోటలు అవసరమే ఉండదు. గుడ్డు కూడా తినని వారైతే రుస్కీయ్ అనే తెల్ల పంచదార పూత బిస్కెట్లు, కాతలాన్ క్రీము రెండూ వదిలేయండి.

ప్రశ్న (విజయవాడ నుంచి ఒక పాఠకుడు): అక్కడ ఒక స్పానిష్ కవి సమాధి ఉందని విన్నాను. ఫ్రాన్స్‌లోని ఊళ్ళో స్పానిష్ కవి సమాధి ఎందుకుంది?

జవాబు: ఆయన పేరు అంతోనియో మచాదో. 1875లో సెవిల్‌లో పుట్టాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో ప్రజాస్వామ్య ప్రభుత్వం పక్షాన నిలిచాడు. 1939 జనవరి చివర బార్సిలోనా, ఆ ప్రభుత్వం మీద తిరగబడిన సేనాని ఫ్రాంకో సేనల వశం కాగానే నాలుగు లక్షలకు పైగా జనం చలిలో, వానలో పిరనీస్ దాటి ఫ్రాన్స్‌లోకి వచ్చారు. వారిలో మచాదో, ఆయన తమ్ముడు, మరదలు, బాగా ముసలిదైన తల్లి ఉన్నారు. జనవరి 28న కొల్యూర్ చేరి రైలు దిగారు. చేతిలో డబ్బు లేదు, సామాను దారిలోనే పోయింది. ఒక చిన్న హోటలు యజమానురాలు వాళ్ళను ఆదుకుంది. ఫిబ్రవరి 22న మచాదో చనిపోయాడు. మూడు రోజులకు తల్లి కూడా పోయింది. రేవు పక్క రాజుల కోటలో నిర్బంధంలో ఉన్న స్పానిష్ సైనికులే ఆయన శవపేటికను మోశారు.

ఆయన కోటు జేబులో ఒక కాగితం ముక్క దొరికింది. దాని మీద ఒక కవితా పంక్తి ఉంది, నీలి దినాల గురించి, చిన్ననాటి ఎండ గురించి. కొల్యూర్ రేవు ముందు నిలబడి ఆ సంగతి తలచుకున్నప్పుడు నాకు గొంతు పట్టేసింది. ఆ నీలం, ఆ ఎండ ఎదురుగానే ఉన్నాయి.

సమాధి ఊరి నడుమ పాత శ్మశానంలో, గేటుకు దగ్గరలోనే ఉంది. మొదట ఎవరిదో సమాధిలో చోటు అడిగి పూడ్చారు, 1958లో ఇప్పటి సమాధిలోకి మార్చారు, తల్లి కూడా అక్కడే ఉంది. పక్కనే ఒక తపాలా పెట్టె ఉంది. మనుషులు ఇప్పటికీ ఆయనకు ఉత్తరాలు రాసి అందులో వేస్తారు. నేను వెళ్ళిన రోజు ఒక బడిపిల్లల బృందం వచ్చింది, ఒక్కొక్కరు మడిచిన కాగితం తెచ్చి వేసి వెళ్ళారు. అదే కోటను 1939 మార్చి నుంచి స్పానిష్ శరణార్థులకు శిక్షా శిబిరంగా వాడారన్నది కూడా గుర్తుంచుకుని కోట లోపలికి వెళ్ళండి. మయోర్కా రాజుల వేసవి విడిది అని చెప్పే ఆ గోడలకు ఈ చరిత్ర కూడా ఉంది.

ప్రశ్న (వరంగల్ నుంచి ఒక పాఠకుడు): మేము బార్సిలోనాలో విమానం దిగి కొల్యూర్ వెళ్ళాలనుకుంటున్నాం. రెండు దేశాల వీసాలు కావాలా?

జవాబు: అక్కరలేదు. స్పెయిన్, ఫ్రాన్స్ రెండూ షెన్గెన్ ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి ఒక్క వీసా చాలు. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. రెండింటిలో సమానంగా ఉంటే మొదట అడుగు పెట్టే దేశానికి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు ఇవ్వవచ్చును, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. హైదరాబాద్‌లోనే ఇవ్వవచ్చును. బార్సిలోనా నుంచి పెర్పినియాన్‌కు వేగపు రైలులో గంటన్నర లోపే, అక్కడి నుంచి దారి పైన చెప్పినదే.

ప్రశ్న (నరసాపురం నుంచి ఒక పాఠకురాలు): మా తమ్ముడు కొల్యూర్ వెళ్తున్నాడు. అక్కడి నెత్తళ్ళు ఇక్కడికి తేవచ్చునా? తెస్తే ఎలా వండాలి?

జవాబు: గాజు సీసాల్లో అమ్ముతారు, ఉప్పులో ఊరినవి వేరు, నూనెలో వేసినవి వేరు. రెండూ చల్లని చోట ఉండవలసినవే, కాబట్టి ప్రయాణానికి ముందు రోజు కొనమనండి, గుడ్డలో చుట్టి పెద్ద పెట్టెలో పెట్టమనండి, ఇల్లు చేరగానే ఫ్రిజ్‌లో ఉంచండి. మన ఉప్పుచేపలా వండకండమ్మా, అవి పొయ్యి మీద పెట్టవలసినవి కావు. ఉప్పులోవి తెస్తే చన్నీళ్ళలో ఒకటి రెండుసార్లు కడిగి, కాసేపు నానబెట్టి, వెన్ను మీద వేలు పెట్టి రెండుగా విడదీసి ముల్లు లాగేయండి. తడి లేకుండా గుడ్డతో ఒత్తి, సన్నగా తరిగిన పచ్చి వెల్లుల్లి, కొత్తిమీర చల్లి, మునిగేలా ఆలివ్ నూనె పోసి ఒక రాత్రి ఉంచండి. అక్కడివాళ్ళు దాన్ని కాల్చిన కాప్సికంతో రొట్టె మీద పెట్టుకుంటారు. మా ఇంట్లో వేడి వేడి అన్నంలో ఆ నూనె ఒక చెంచా, రెండు పాయలు వేసి కలుపుకుని, పక్కన పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ తిన్నాం. ఉప్పు వేరే వేయవద్దు.